వచ్చే సీజన్‌లో ఏ కాలేజీ ఫార్వర్డ్ రాణిస్తాడు? కొత్త కుర్రాడా, పాతకాపా, కాలేజీ మారి వచ్చినవాడా

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచే వచ్చే సీజన్ లెక్కలు మొదలవుతాయి. ఎవరు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు (ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం) వెళ్తున్నారు, ఎవరు కాలేజీ మారుతున్నారు, హైస్కూల్ నుంచి ఎవరొస్తున్నారు అన్నదే అందరి చర్చ. ఒకప్పుడు ఈ లెక్క సులువుగా ఉండేది. 2024లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రూల్ మార్చాక, చదువు సరిగ్గా సాగుతున్న ఆటగాడు ఎన్నిసార్లు కాలేజీ మారినా కూర్చోకుండా వెంటనే ఆడొచ్చు. 2025-26 నుంచి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు కూడా ఇవ్వొచ్చు. దాంతో చాలా జట్లలో గత మార్చిలో చూసిన ముఖాలు నవంబర్‌కి కనిపించడం లేదు.

ఆఫీసులో మార్చి బ్రాకెట్ (నాకౌట్ టోర్నమెంట్‌లో ఎవరు గెలుస్తారో ముందే రాసే పట్టిక) నింపేవాళ్లు, పిల్లలు చదువుతున్న యూనివర్సిటీ జట్టును ఇష్టపడి చూసేవాళ్లు, రేపటి ఎన్‌బీఏ స్టార్ ఎవరో ముందే పట్టుకోవాలనుకునేవాళ్లు, అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఈ ఫార్వర్డ్ (ఎక్కువగా బుట్ట దగ్గర ఆడే పొడగరి) వచ్చే ఏడాది నిజంగా బాగా ఆడతాడా? ఎదురుగా మూడు రకాల ఆటగాళ్లు ఉంటారు. హైస్కూల్ నుంచి పెద్ద పేరుతో వచ్చే ఫ్రెష్‌మన్ ఒకరు. అదే కాలేజీలో మళ్లీ ఆడే పాతకాపు ఒకరు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) ద్వారా వేరే కాలేజీ నుంచి వచ్చినవాడు ఇంకొకరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గత సీజన్ సగటు పాయింట్లు చూసి నిర్ణయించుకుంటే చాలాసార్లు నిరాశే మిగులుతుంది. వచ్చే ఏడాది కోచ్ అతనికి ఏ పని అప్పగిస్తాడు, అతని చుట్టూ ఎవరు ఆడతారు అన్నవే ముందు చూడాలి. గార్డ్ అయితే బంతి తన చేతిలోనే ఉంటుంది కాబట్టి తన దారి తనే వేసుకోగలడు. ఫార్వర్డ్‌కి బంతి ఇంకొకరు ఇవ్వాలి, బుట్ట దగ్గర చోటు కూడా ఇంకొకరు చేసిపెట్టాలి.

ముందు ఏం చూడాలి

మొదట చూడాల్సింది ఖాళీ. గత ఏడాది ఆ జట్టులో ఎక్కువ షాట్లు వేసినవాళ్లలో ఎవరు వెళ్లిపోయారు? గొంజాగా ఫార్వర్డ్ డ్రూ టిమ్మీ మొదటి ఏడాది 2019-20లో ఎక్కువగా బెంచ్ నుంచి వచ్చి సగటున 9.8 పాయింట్లు చేశాడు. ఆ వేసవిలో జట్టు ప్రధాన స్కోరర్ ఫిలిప్ పెట్రుషెవ్ సెర్బియాకు వెళ్లి ఆడాలని నిర్ణయించుకున్నాడు. మరో పొడగరి కిలియన్ టిల్లీ చదువు ముగించాడు. బుట్ట దగ్గరి పనంతా టిమ్మీకి వచ్చింది, సగటు 19కి చేరింది. అతని ప్రతిభ కొత్తగా పుట్టుకొచ్చింది కాదు, చోటు దొరికింది. 9.8 అంకె దగ్గరే ఆగిపోయినవాళ్లకు ఇది కనిపించి ఉండదు.

రెండోది ఫౌల్స్. కాలేజీ ఆట 40 నిమిషాలు, ఐదు ఫౌల్స్ పడితే బయటికి. ఎన్‌బీఏలో 48 నిమిషాలకు ఆరు. తక్కువ నిమిషాలు ఆడినవాడి అంకెలను 40 నిమిషాలకు లెక్కగట్టి, 'ఇతను పూర్తి సమయం ఆడితే 20 పాయింట్లు చేస్తాడు' అనడం చాలామందికి అలవాటు. 15 నిమిషాల్లో మూడు ఫౌల్స్ చేసేవాడు పూర్తి సమయం ఎలా ఆడతాడు? 40 నిమిషాల లెక్క వేసేటప్పుడు పాయింట్లతో పాటు ఫౌల్స్‌కూ అదే లెక్క వేయండి. అది ఐదు దాటితే ఆ ఆశ పక్కన పెట్టొచ్చు.

మూడోది షూటింగ్. ఇక్కడ శాతం ఒక్కటే చూస్తే తప్పుదారి పడతాం, ఎన్ని వేశాడో కూడా చూడాలి. డేటన్ ఫార్వర్డ్ ఓబీ టాపిన్ 2018-19లో త్రీ పాయింటర్లు (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 52 శాతం వేశాడు. కానీ సీజన్ మొత్తానికి ప్రయత్నించినవి 21 మాత్రమే. మరుసటి ఏడాది 82 ప్రయత్నించి 39 శాతం సాధించాడు. కాగితం మీద తగ్గినట్టున్నా నిజానికి అది చాలా పెద్ద మెరుగుదల. డిఫెండర్లు బయటికి వచ్చి అతన్ని కాయక తప్పలేదు, దాంతో లోపలికి దూసుకుపోవడం తేలికైంది. త్రీలు తక్కువ వేసినవాడి విషయంలో నేను ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా దొరికే షాట్) శాతం చూస్తాను. ఎవరూ అడ్డు లేని చోట నుంచి 80 శాతం వేసేవాడికి చేతిలో షాట్ ఉన్నట్టే, త్రీ ఆలస్యంగానైనా వస్తుంది. 55 దగ్గర ఆగినవాడు వేసవిలో షాట్ మార్చుకున్నాడని ఎవరైనా చెప్పినా, ఆటలో చూసేదాకా నేను నమ్మను.

రీబౌండ్లు (గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని పట్టుకోవడం) మాత్రం ఎక్కడికెళ్లినా వెంట వస్తాయి. బంతి ఎటు పడుతుందో పసిగట్టడం, ఒంటితో చోటు పట్టుకోవడం కాలేజీ మారితే పోయేవి కావు. వయసు, ఒంటి బలం, గాయాల చరిత్ర కూడా లెక్కలోకి తీసుకోవాలి. వాటి గురించి ఒక్కో రకం ఆటగాడి దగ్గర చెబుతాను.

కొత్త కుర్రాడు

ఫ్రెష్‌మన్ మీద ఆశకు హద్దుండదు, ఎందుకంటే అతను కాలేజీలో విఫలం కావడం ఇంకా ఎవరూ చూడలేదు. 2024-25లో డ్యూక్ తరఫున ఆడిన కూపర్ ఫ్లాగ్ ఆ ఆశను పూర్తిగా నిలబెట్టాడు. మేన్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ అనే చిన్న ఊరి కుర్రాడు. సీజన్ మొదలైనప్పుడు వయసు 17. సగటున 19.2 పాయింట్లు, 7.5 రీబౌండ్లు, 4.2 అసిస్టులు (తోటి ఆటగాడి స్కోరుకు దారితీసిన పాస్‌లు). నోటర్ డామ్ మీద ఒకే ఆటలో 42 పాయింట్లు చేశాడు. 2025 డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావెరిక్స్ అతన్ని మొదటి స్థానంలో తీసుకుంది.

అతని చుట్టూ ఉన్నవాళ్లను కూడా చూడండి. టులేన్ నుంచి సియాన్ జేమ్స్, పర్డ్యూ నుంచి మేసన్ గిల్లిస్, సిరక్యూస్ నుంచి మాలిక్ బ్రౌన్ వచ్చారు. అందరూ కాలేజీలో ఏళ్ల తరబడి ఆడినవాళ్లు, తమ పాత్ర ఏమిటో తెలిసినవాళ్లు. పదిహేడేళ్ల కుర్రాడి మీద ప్రతి బరువూ పడకుండా కోచ్ జాన్ షయర్ జట్టును కట్టాడు. అయినా నవంబర్‌లో కెంటకీతో ఆటలో ఫ్లాగ్ 26 పాయింట్లు, 12 రీబౌండ్లు చేసి, ఆఖరి క్షణాల్లో బంతి పోగొట్టుకున్నాడు. ఆ ఆట డ్యూక్ 77-72తో ఓడింది. అంతటివాడికీ కాలేజీ ఆట వేగానికి అలవాటు పడటానికి సమయం పట్టింది.

ఇక రెండో వైపు చూద్దాం. స్కాల్ లాబిసియే 2015-16లో కెంటకీకి వచ్చేనాటికి హైస్కూల్ ర్యాంకుల్లో దేశంలోనే అగ్రస్థానాల్లో ఉన్నాడు. పొడవుంది, మెత్తటి షాట్ ఉంది. కానీ సన్నటి ఒళ్లు, బలమైన ప్రత్యర్థులు నెడితే నిలబడలేకపోయాడు, ఫౌల్స్ పడ్డాయి. చివరికి ఆటకు దాదాపు 16 నిమిషాలు, 6.6 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. అయినా అదే ఏడాది డ్రాఫ్ట్‌లో 28వ స్థానంలో ఎంపికయ్యాడు! ఫ్రెష్‌మన్ విషయంలో ఇది ముఖ్యం. ఈ సీజన్ భవిష్యత్తూ, ఎన్‌బీఏ భవిష్యత్తూ ఒకటి కావు. ఎన్‌బీఏ వాళ్లు నాలుగేళ్ల తర్వాతి ఒంటిని ఊహించి ఎంచుకుంటారు. కాలేజీ అభిమానికి కావాల్సింది ఈ జనవరిలో గెలుపు.

కాబట్టి ఫ్రెష్‌మన్ ఫార్వర్డ్‌ని అంచనా వేసేటప్పుడు హైస్కూల్ వీడియోల్లో డంక్‌లు చూసి మురిసిపోకండి. బరువైన డిఫెండర్ ఒంటికి ఆనుకుని ఉన్నప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. అదే జట్టులో అదే స్థానంలో ఆడే సీనియర్ ఉన్నాడేమో కూడా చూడండి.

పాతకాపు

నాకు బాగా నమ్మకం కలిగించేది రెండో ఏడాదిలోకి అడుగుపెట్టే ఫార్వర్డ్. టిమ్మీ గురించి చెప్పాను. ఓబీ టాపిన్ మొదటి సీజన్‌లో 14.4 పాయింట్లు చేశాడు, రెండో సీజన్‌లో 20. డేటన్ ఆ ఏడాది 29 ఆటలు గెలిచి రెండే ఓడింది. కోవిడ్ వల్ల 2020 టోర్నమెంట్ రద్దయింది కానీ, లేకపోతే ఆ జట్టు ఎంత దూరం వెళ్లేదో అని డేటన్ అభిమానులు ఇప్పటికీ బాధపడతారు. రెండో ఏడాదికి ఒంట్లో బలం వస్తుంది, కోచ్ భాష అర్థమవుతుంది, ఆట నెమ్మదించినట్టు అనిపిస్తుంది.

మూడో ఏడాది, నాలుగో ఏడాది వచ్చేసరికి సంగతి మారుతుంది. అప్పటికి ఆటగాడు దాదాపు తన ఎత్తుకు చేరి ఉంటాడు. 2021-22లో కెంటకీ ఆస్కార్ షీబ్వే సగటున 17.4 పాయింట్లు, 15.1 రీబౌండ్లతో దేశంలో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. తిరిగొచ్చిన ఏడాది 16.5, 13.7. ఇవీ గొప్ప అంకెలే. కానీ ఇంకా పెరుగుతాడని ఎదురుచూసినవాళ్లకు అది దొరకలేదు, 2023 డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు.

పాతకాపు మీద నమ్మకం పెట్టుకునే ప్రతి ఒక్కరూ 2022-23 నార్త్ కరోలినా కథ తెలుసుకోవాలి. అంతకుముందు ఏడాది ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లి కాన్సస్ చేతిలో 72-69తో ఓడింది. అర్మాండో బేకాట్ ఆటకు 16.3 పాయింట్లు, 13.1 రీబౌండ్లతో విజృంభించాడు. అతనూ, మొదటి ఐదుగురిలో మరో ముగ్గురూ తిరిగొచ్చారు. సీజన్ ముందు దేశంలో ఒకటో ర్యాంకు ఇచ్చారు. వెళ్లిపోయింది ఒక్కడే, బ్రేడీ మానెక్. అతను ఫార్వర్డే, కానీ గీత బయట నిలబడి 40 శాతం త్రీలు వేసేవాడు. అతన్ని కాయడానికి ప్రత్యర్థి పొడగరి బయటికి రావాల్సి వచ్చేది, లోపల బేకాట్‌కి చోటు దొరికేది. మానెక్ పోయాక నార్త్‌వెస్టర్న్ నుంచి పీట్ నాన్స్‌ని తెచ్చుకున్నారు, అతని షాట్ ఆ స్థాయిలో పడలేదు. జట్టు మొత్తం త్రీ పాయింట్ శాతం 31 దగ్గర ఆగింది. ప్రత్యర్థులంతా లోపలికి వచ్చేయడంతో బుట్ట కింద పండగ ముందు రోజు బస్టాండ్‌లా అయిపోయింది. బేకాట్ రీబౌండ్లు 10.4కి పడ్డాయి, జట్టు 20-13తో సీజన్ ముగించి మార్చి టోర్నమెంట్‌కే అర్హత సాధించలేదు. 1985లో టోర్నమెంట్ 64 జట్లకు పెరిగాక, సీజన్ ముందు ఒకటో ర్యాంకులో ఉన్న జట్టుకు అలా జరగడం అదే మొదటిసారి.

బేకాట్ ఆట మర్చిపోలేదు, బద్ధకించలేదు. అతని పక్కన ఉన్న మనిషి మారాడు. అందుకే పాతకాపుని అంచనా వేసేటప్పుడు అతని గురించి సగం చదివితే, వెళ్లిపోయిన అతని తోడు గురించి మిగతా సగం చదవాలి.

కాలేజీ మారి వచ్చినవాడు

ఇప్పుడు ఎక్కువ జట్ల అదృష్టం వీళ్ల మీదే ఆధారపడుతోంది. అంచనా వేయడం కష్టం కూడా వీళ్ల దగ్గరే, ఎందుకంటే చిన్న కాన్ఫరెన్స్‌లో (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) చేసిన 20 పాయింట్లు పెద్ద కాన్ఫరెన్స్‌లో ఎన్నవుతాయో చెప్పే సూత్రం ఏదీ లేదు. మూడు ఉదాహరణలు చూడండి. ఆటకు సగటు పాయింట్లు, రీబౌండ్లు ఇవి:

| ఆటగాడు | పాత కాలేజీ, చివరి ఏడాది | కొత్త కాలేజీ, మొదటి ఏడాది |
|---|---|---|
| జోనై బ్రూమ్ | మోర్‌హెడ్ స్టేట్: 16.8, 10.5 | ఆబర్న్: 14.2, 8.4 |
| డాల్టన్ నెక్ట్ | నార్తర్న్ కొలరాడో: 20.2, 7.2 | టెనెస్సీ: 21.7, 4.9 |
| జేటీ టాపిన్ | న్యూ మెక్సికో: 12.4, 9.1 | టెక్సస్ టెక్: 18.2, 9.4 |

బ్రూమ్ అంకెలు తగ్గాయి. చాలామందికి జరిగేది ఇదే. ఆబర్న్‌లో ఎదురయ్యే పొడగరులు మోర్‌హెడ్ స్టేట్ ఆడే కాన్ఫరెన్స్‌లో ఉండరు. కానీ అతను అక్కడే ఉండిపోయాడు. రెండో ఏడాది 16.5, మూడో ఏడాది 2024-25లో 18.6 పాయింట్లు, 10.8 రీబౌండ్లు. ఆబర్న్ ఆడే ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు, ఆబర్న్‌ని ఫైనల్ ఫోర్‌కు (మార్చి టోర్నమెంట్ సెమీఫైనల్స్) తీసుకెళ్లాడు. కాలేజీ మారిన ఫార్వర్డ్‌కి కూడా మొదటి ఏడాది తర్వాతే అసలు ఆట మొదలవుతుందని బ్రూమ్ చూపించాడు. మొదటి ఏడాది చూసి 'ఇంతేనా' అనుకుని పెదవి విరిచినవాళ్లు తొందరపడ్డారు.

నెక్ట్ విషయం వేరు. గార్డ్‌కీ ఫార్వర్డ్‌కీ మధ్య ఆడే వింగ్ అతను. జూనియర్ కాలేజీలో రెండేళ్లు, నార్తర్న్ కొలరాడోలో రెండేళ్లు ఆడాక టెనెస్సీకి వచ్చాడు. కోచ్ రిక్ బార్న్స్ జట్టు డిఫెన్స్‌కు పేరున్నది, వాళ్లకు కావాల్సింది స్కోరర్. సరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చి ఎస్‌ఈసీలో ఉత్తమ ఆటగాడయ్యాడు. రీబౌండ్లు తగ్గడానికి కారణం కూడా పాత్రే. టెనెస్సీలో ఆ పని చేసే పొడగరులు వేరే ఉన్నారు.

జేటీ టాపిన్‌ది నాకు బాగా నచ్చే రకం. ఓబీకి ఇతను బంధువు కాదు, ఇంటిపేరు ఒకటే. న్యూ మెక్సికోలో ఫ్రెష్‌మన్‌గా పాయింట్లు ఓ మోస్తరే, రీబౌండ్లు మాత్రం తొమ్మిది దాటాయి. పైగా రెండో ఏడాదిలోకి వస్తున్నాడు. అంటే రెండో ఏడాది ఎదుగుదల, కొత్త చోటు, వెంట వచ్చే రీబౌండ్లు మూడూ కలిశాయి. ఆ సీజన్‌లోనే టెక్సస్ టెక్ ఆడే బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. పోర్టల్ జాబితా చూసేటప్పుడు చిన్న కాలేజీలో 22 పాయింట్లు చేసిన ఐదో ఏడాది ఆటగాడి కంటే, మధ్యస్థాయి కాలేజీలో 11 పాయింట్లు, 9 రీబౌండ్లు చేసిన మొదటి ఏడాది కుర్రాడి పేరు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను.

మూడు రకాలూ పక్కపక్కన

| చూడాల్సింది | ఫ్రెష్‌మన్ | పాతకాపు | కాలేజీ మారినవాడు |
|---|---|---|---|
| ఎదిగే అవకాశం | అన్నిటికంటే ఎక్కువ | రెండో ఏడాదిలో ఎక్కువ, తర్వాత తక్కువ | వయసును బట్టి |
| నమ్మకం | తక్కువ | ఎక్కువ | మధ్యస్థం |
| పెద్ద ప్రమాదం | ఒంటి బలం, ఫౌల్స్ | తోడు ఆటగాడు వెళ్లిపోవడం | ప్రత్యర్థుల స్థాయి పెరగడం |
| ముందుగా చూడాల్సిన అంకె | ఫ్రీ త్రో శాతం, ఫౌల్స్ | జట్టు త్రీ పాయింట్ శాతం | రీబౌండ్లు |
| ఎప్పటికి తేలుతుంది | జనవరికి | నవంబర్‌లోనే | డిసెంబర్ చివరికి |

మీకు ఎవరు సరిపోతారు

బ్రాకెట్ నింపేవాళ్లయితే పాతకాపు ఫార్వర్డ్, అతని పక్కన బంతి పోగొట్టని అనుభవం ఉన్న గార్డ్ ఉన్న జట్టును ఎంచుకోండి. మార్చిలో ఒక్క ఆట ఓడితే ఇంటికే. అలాంటి చోట ఆఖరి రెండు నిమిషాల్లో కంగారు పడని ఆటగాడి విలువ ఎక్కువ. బాగా ఎదిగిన ట్రాన్స్‌ఫర్ కూడా ఇక్కడ మంచి ఎంపికే.

డ్రాఫ్ట్ కోసం చూసేవాళ్ల లెక్క పూర్తిగా వేరు. 2024-25లో కాలేజీ ఆటలో అత్యుత్తమ ఆటగాడు ఫ్లాగా, బ్రూమా అని సీజన్ పొడవునా వాదన నడిచింది. డిసెంబర్‌లో ఇద్దరూ ఎదురుపడితే డ్యూక్ 84-78తో గెలిచింది. డ్రాఫ్ట్ వచ్చేసరికి పద్దెనిమిదేళ్ల ఫ్లాగ్ మొదటి స్థానం, ఇరవై రెండేళ్ల బ్రూమ్ 35వ స్థానం. కాలేజీలో భుజం భుజం కలిపి నిలబడ్డ ఇద్దరి మధ్య వయసు అంత దూరం పెట్టింది. మీ ఆసక్తి ఎన్‌బీఏ అయితే ఫ్రెష్‌మన్‌లనే చూడండి. అతను ఆటకు తొమ్మిది పాయింట్లే చేస్తున్నా విసుక్కోకండి.

పిల్లలు చదువుతున్న యూనివర్సిటీ జట్టును కుటుంబంతో కలిసి చూసేవాళ్లకు నేను రెండో ఏడాది పాతకాపునే సూచిస్తాను. కళ్లముందే ఒక కుర్రాడు ఎదగడం చూడటంలో ఉండే ఆనందం వేరు. ఒక్క హెచ్చరిక. మీది చిన్న కాన్ఫరెన్స్ కాలేజీ అయితే, మీకు బాగా నచ్చిన ఫార్వర్డే వసంతంలో పోర్టల్‌లోకి వెళ్లిపోవచ్చు. అది ద్రోహం కాదు. అతని కుటుంబానికి ఆ డబ్బు, ఆ వేదిక చాలా అవసరం కావచ్చు. అలాంటి జట్ల అభిమానులు బెంచ్ మీద మూడో పొడగరిని ఇప్పటి నుంచే గమనించడం మంచిది. ఖాళీ ఏర్పడితే మొదట అవకాశం వచ్చేది అతనికే.

ఎప్పుడు తేల్చుకోవాలి

ఏప్రిల్‌లో పోర్టల్ వార్తలకు ఊగిపోవద్దు. డ్రాఫ్ట్ నుంచి పేరు వెనక్కి తీసుకునే గడువు ముగిశాక, జూన్‌లో జట్ల జాబితాలు ఒక రూపానికి వస్తాయి. అప్పుడు కూర్చుని ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, మీ ఫార్వర్డ్ పక్కన త్రీ వేసేవాడు ఉన్నాడా లేదా అన్నది రాసుకోండి. కెన్‌పామ్ లాంటి గణాంకాల వెబ్‌సైట్లలో ఆటగాడి సామర్థ్యం, జట్టు దాడుల్లో అతని వాటా రెండూ దొరుకుతాయి. ఆ రెండు అంకెల్ని విడివిడిగా చదవకండి. తక్కువ వాటాతో చాలా సమర్థంగా ఆడినవాడికి వాటా పెరిగితే సామర్థ్యం కాస్త తగ్గడం మామూలే.

నవంబర్‌లో మొదటి ఐదారు ఆటలు చాలావరకు బలహీన జట్లతో ఉంటాయి. వాటిలో పాయింట్లు లెక్కలోకి తీసుకోకండి. రెండో అర్ధభాగం చివరి ఎనిమిది నిమిషాల్లో అతను కోర్టు మీద ఉంటున్నాడా, బెంచ్ మీదా? మొదటి అర్ధభాగంలోనే రెండు ఫౌల్స్ పడుతున్నాయా? బంతి లోపల అతని చేతికి వచ్చినప్పుడు ఇద్దరు మీద పడుతున్నారా, అప్పుడు బయటికి పాస్ వేయగలుగుతున్నాడా? ఈ మూడింటికి జవాబు దొరికాక, డిసెంబర్‌లో సమఉజ్జీ జట్టుతో ఒక్క ఆట పూర్తిగా చూసి, ఆ తర్వాతే మీ ఫార్వర్డ్ ఎవరో ఖాయం చేసుకోండి.